మా అమ్మ వేషం

మొన్న తార్నాక మెట్రో స్టేషను మెట్లు దిగుతుంటే, గోడ మీద కోచింగ్ సెంటర్ల కాగితాల మధ్య చేత్తో రాసిన పోస్టరొకటి కనిపించింది. క్యాంపస్ పిల్లలు నాటకం వేస్తున్నారట. అడుగున ఎర్ర సిరాతో, "నాటకం అయినంక సమీక్ష ఉంటది, ఎవ్వరూ లేచిపోవద్దు" అని హెచ్చరిక. ఇంకా ఉందన్నమాట ఆ ఆచారం! ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ వాక్యమే మళ్ళీ చదివాను. వెనకనుంచి ఎవరో "మేడం, జర జరుగుండ్రి" అనేదాకా దారికి అడ్డంగా నిలబడే ఉన్నాను. నాటకానికి మాత్రం వెళ్ళలేదు. పిల్లలు బాగానే వేసి ఉంటారు, లేదా మేం వేసినంత ఘోరంగా వేసి ఉంటారు, రెంటికీ నాకు అభ్యంతరం లేదు. నాకు పడనిది ఆ సమీక్ష.

అదేమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. మా రోజుల్లో క్యాంపస్‌లో నాటకం అయ్యాక లైట్లు వేసి, కుర్చీలు గుండ్రంగా లాగి, మధ్యలో చాప పరిచేవాళ్ళు. వేసినవాళ్ళు వేషం తీయకుండా, ముఖాన రంగుతోనే వచ్చి ఆ చాప మీద కూర్చోవాలి. చూసినవాళ్ళు ఏమైనా అనొచ్చు. రాసినవాళ్ళు గానీ ఆడినవాళ్ళు గానీ ఆ పూట నోరెత్తడానికి వీల్లేదు. చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే మర్నాడు పొద్దున క్యాంటీన్లో చాయ్ దగ్గర చెప్పుకోవాలి. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. నడిపించేది మాత్రం మేమంతా 'అన్న' అని పిలిచే ఒక పరిశోధక విద్యార్థి. ఆయన పరిశోధన ఎప్పుడు మొదలైందో తెలిసినవాళ్ళు అప్పటికే రిటైరయ్యారు, ఎప్పుడు ముగుస్తుందో అడిగే ధైర్యం మాకు లేదు.

మా నాటకాలా? తుపాకీ పేలాల్సిన చోట టపాకాయ తుస్సుమనేది. చచ్చిపోవాల్సిన రైతు, అది పేలేదాకా ఆగాలో, తనంతట తనే చావాలో తెలియక దిక్కులు చూసేవాడు. పక్కనుంచి మాటలందించేవాడి గొంతు నటుల గొంతుకన్నా ముందు వెనక బెంచీకి చేరేది. అలాంటి నాటకాల సమీక్షల్లో నా నోటికి పేరుండేది. ఒకసారి ఒక కథానాయకుడితో "నీ కాటుక ఏడ్చింది గానీ నువ్వు ఏడవలేదు" అన్నాను. పాపం, ఆ కుర్రాడు నాటకాలు మానేసి, పరీక్షలు రాసి పెద్ద ఆఫీసరయ్యాడు. ఆ పుణ్యం నాదే. నేను లేచానంటే చాప మీదివాళ్ళు చెమటలు తుడుచుకునేవాళ్ళు. నా పక్కన కూర్చుని, "ఇంకొంచెం ఎయ్యే, తక్కువైంది" అని మోచేత్తో పొడిచేది మా హాస్టలమ్మాయి.

హాస్టలమ్మాయి అన్నది మా అమ్మ పెట్టిన పేరు. ఆమె నాకు ఎం.ఏ.లో పక్క సీటు. ఊరు జనగామ అవతల పల్లె. వాళ్ళ నాన్న అక్కడి చర్చిలో చాపలు పరిచే దగ్గర్నుంచి పాట అందుకునేదాకా అన్నీ తనే చేసేవాడట, ఆ గొంతు ఈమెకొచ్చింది. మాది తార్నాకలో, మేడ మీద అద్దెకిచ్చే రెండు గదులున్న చిన్న ఇల్లు. నాన్న ఉద్యోగానికని భీమవరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను పుట్టింది మెట్టుగూడ ఆసుపత్రిలో, అయినా క్యాంపస్‌లో నేను 'ఆంధ్రా అమ్మాయి'నే. ప్రతి ఆదివారం హాస్టల్ భోజనానికి సెలవిచ్చి ఆమె మా ఇంటికి వచ్చేది. అమ్మ ఆమెను గుమ్మంలో కూచోబెట్టి, "ఇంత ఒత్తు జుట్టేసుకుని నూనె రాయవేమే, మొద్దూ" అంటూ తలంటేది. నాకు అంత శ్రద్ధగా ఎప్పుడూ తలంటలేదు, ఆ అసూయ నాకు అప్పుడే ఉండేది.

హాస్టలమ్మాయికి మనుషుల్ని దించేసే విద్య ఉంది. వార్డెన్ నడక, మా ప్రొఫెసరు దగ్గు, అన్న గడ్డం గోక్కోవడం. చివరికి అమ్మను కూడా. పొడి చేతులు కూడా కొంగుకు తుడుచుకోవడం, కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు కొంగు భుజం చుట్టూ లాక్కుని గడ్డం పైకెత్తడం, ప్రతి మాట చివరా "ఏవంటావు?" అనడం. అన్నాలు తినే చోటే లేచి నిలబడి చేసేది. అమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, "మళ్ళీ చెయ్యవే, మీ అంకుల్ చూళ్ళేదు" అని అడిగి మరీ చేయించుకునేది. అమ్మ మేనమామ మా వైపు పరిషత్తు నాటకాల్లో ఆడవేషాలకు పెట్టింది పేరు. నాటకమంటే అమ్మకు ప్రాణం. "ఈ పిల్ల ఎప్పటికైనా పెద్ద నటి అవుతుంది, చూస్తూ ఉండు" అనేది.

అప్పుడు ఉద్యమం ముమ్మరంగా ఉంది. బందులు, ర్యాలీలు, క్యాంపస్ గేటు దగ్గర ముళ్ళకంచెలు, తార్నాక చౌరస్తాలో పోలీసు వ్యాన్లు. తెలంగాణ రావాలని నాకుండేది. వస్తే ఏమవుతుందోనని అమ్మకు భయంగా ఉండేది. హాస్టలమ్మాయి అన్నం ముందు కూర్చుని, "అమ్మా, వస్తే నిన్ను ఎవరు పొమ్మంటరు? నేను లేనా?" అనేది. "ఏమో తల్లీ, నువ్వు ఉంటావు, మిగతావాళ్ళ మాటేంటి, ఏవంటావు?" అనేది అమ్మ. వాదన అక్కడికి రాగానే నేను పులుసు వడ్డించేదాన్ని.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర రాళ్ళు పడ్డాయి, బాష్పవాయువు పేలింది. దాని ఘాటు మా పెరటిదాకా వచ్చింది. కాసేపటికి వెనక సందులోంచి హాస్టలమ్మాయి పరుగెత్తుకొచ్చి మా వంటింట్లో పడింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చెప్పులు లేవు. అమ్మ ఒక్క ప్రశ్న అడగలేదు. ముఖం కడిగి, నా నైటీ తొడిగి, మధ్య గదిలో పడుకోబెట్టి కళ్ళ మీద తడిగుడ్డ వేసింది. "నోరు తెరిచావంటే చంపేస్తాను. నీ మాట వింటే నువ్వు ఏ వైపుదానివో వాళ్ళకి తెలిసిపోతుంది" అంది. అంతలో వీధి తలుపు దబదబా బాదారు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. అమ్మ గొళ్ళెం మీద చెయ్యి వేసింది. వేసి, తీయలేదు. గాజులు గలగలమంటున్నాయి. ఆ చప్పుడు బయటికి వినబడకుండా రెండో చేత్తో గాజులు అదిమి పట్టుకుంది. అలా కాసేపు నిలబడి, గడ్డం పైకెత్తి, అప్పుడు తలుపు తీసింది.

"ఇటు ఎవరన్నా ఉరికొచ్చిండ్రా అమ్మా? లోపల పండుకున్నదెవరు?" అన్నాడు పోలీసు. "మా చెల్లెలి కూతురండి. భీమవరం నుంచి వచ్చింది. కళ్ళకలక. చూస్తానంటే చూడండి, కాదనను, కానీ అంటుకుంటుందండి. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారేమో, ఏవంటారు?" అంది అమ్మ. అతను గుడ్డ కప్పిన ఆ ముఖం వంక దూరంనుంచే చూసి, గబుక్కున వెనక్కి జరిగి, పక్కింటికి వెళ్ళిపోయాడు. అమ్మ తలుపు వేసి అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "అన్నం తింటావుటే?" అంది. పాలవాడితో తప్ప ఎవరితోనూ అబద్ధమాడని మనిషి ఆమె. ఆ రాత్రి హాస్టలమ్మాయి అమ్మ పక్కనే, ఆమె కొంగు పట్టుకుని పడుకుంది.

తర్వాత తెలిసింది, రాళ్ళ కేసులో ఆమె పేరూ ఉందని. వాళ్ళ ఊరివాళ్ళు, లాయరు కలిసి ఒక మాట అనుకున్నారు: ఆ రోజు ఆమె క్యాంపస్‌లోనే లేదు, ఊళ్ళో ఉంది. కాబట్టి ఆమె మా ఇంటికి వచ్చిన సంగతి మాకు నలుగురికి తప్ప ఐదోవాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే ఆమె చదువూ, ముందు ముందు రాబోయే ఉద్యోగమూ గోవిందా. అమ్మ మీదా కేసే. అమ్మ నాన్న చేత కూడా ఒట్టు వేయించింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె నాటకం రాయడం మొదలుపెట్టింది. అంతకుముందు ఏది రాసినా ముందు నాకు వినిపించేది. ఈసారి రిహార్సల్ దరిదాపులకు కూడా రానివ్వలేదు. "నువ్వు కొత్తగా చూడాలె. రిహార్సల్ల జూస్తే నీ నోరు ఊకుంటదా?" అంది. నా సమీక్షకు అంత విలువిస్తోందని పొంగిపోయాను, చూడండి! నాటకం దగ్గర పడ్డాక ఒక ఆదివారం వచ్చి అమ్మ ముందు కూర్చుంది. "అమ్మా, ఒక పెద్దామె పాత్ర ఉన్నది. చేసే పిల్లను ఇంటికి తోల్కపోయిండ్రు, ఇగ నేనే చేస్తున్న. నీ చీరొకటి ఇస్తవా? మరకలు గానియ్య" అంది. "అడగాలా! లైట్లకి లేత రంగులు ఆనవే. ఆకుపచ్చ ఉప్పాడ తీసుకో" అని అమ్మ బీరువా తెరిచింది. పిన్నులు ఎక్కడ గుచ్చితే పట్టు చిరగదో చూపించింది. పెద్దరికం కనిపించాలంటే కుచ్చిళ్ళు ఎలా పెట్టుకోవాలో కట్టి చూపించింది. ఆమె తల వంచుకుని అన్నీ నేర్చుకుంది. మామూలుగా ఎగతాళి చేసేది, ఆ రోజు చేయలేదు. నేను గమనించాను గానీ, పరీక్షల దిగులనుకున్నాను.

నాటకం సాయంత్రం అమ్మ మల్లెపూలు పెట్టుకుని ఆటోలో వచ్చింది. వీధిలో అందరికీ చెప్పింది, తన చీర స్టేజీ ఎక్కుతోందని. అన్న ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టాడు. తెర తీస్తే మా ఇల్లే. అదే మధ్య గది, అదే మంచం. హాస్టలమ్మాయి ఉప్పాడ చీరలో వచ్చి, పొడి చేతులు కొంగుకు తుడుచుకుని, "ఏవంటావు?" అంది. హాలంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది అమ్మే. నా చెయ్యి పట్టుకుని, "నన్నే దించేస్తోందే! కుచ్చిళ్ళు చూడు, చెప్పినట్టే పెట్టింది" అని మురిసిపోయింది. నాటకంలో ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఆ ఇంట్లో దాక్కుంటుంది. పెద్దామె లోపల పడుకోబెడుతుంది. తలుపు బాదుతారు. అమ్మ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. తర్వాతేమవుతుందో మా ఇద్దరికీ తెలుసు కదా. స్టేజీ మీది అమ్మ గబగబా వెళ్ళి, ఠక్కున గొళ్ళెం తీసి, "రండి రండి, లోపలుందండి. తీసుకుపొండి. అద్దెల మీద బతికేవాళ్ళం, మాకెందుకండీ ఈ గొడవ, ఏవంటారు?" అంది.

ఈలలు, తిట్లు, కేకలు. ఒక్కో 'అండీ'కి ఒక్కో కేక. ఆ అమ్మాయిని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతుంటే, పెద్దామె గుమ్మంలో నిలబడి కొంగు సర్దుకుంటుంది. అమ్మ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. నావైపు తిరిగి, "ఇదేవిటే?" అంది, అంత చిన్న గొంతు ఆమెకుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంకో సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. నాటకం బాగుంది. క్యాంపస్‌లో నేను చూసినవాటిలో అంత బిగువుగా రాసింది, అంత నిజంగా ఆడింది లేదు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. చెత్తగా ఉంటే కడిగేసి ఇంటికొచ్చేదాన్ని.

సమీక్ష మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు లేచి పొగిడారు. ఒక కుర్రాడు, "గా ముసలిదాన్ని జూస్తుంటే స్టేజీ ఎక్కి కొట్టబుద్ధయింది" అన్నాడు. చప్పట్లు. అమ్మ నా పక్కనే ఉంది. అన్న నావైపు చూసి, "ఏందమ్మా, ఇయ్యాల నీ నోరుకు సెలవా? చెప్పు" అన్నాడు. లేచాను. ఒళ్ళంతా మండిపోతోంది. 'అబద్ధం' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు అమ్మ నా చున్నీ పట్టుకుని గట్టిగా లాగింది. కళ్ళతో వెనక్కి చూపించింది. తలుపు దగ్గర పొట్టి జుట్టుతో, ఎర్ర బూట్లతో ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. క్యాంపస్‌లో సభ జరిగితే వచ్చే మనుషులు వాళ్ళు, మఫ్టీలో ఉన్న పోలీసులని అందరికీ తెలుసు. నేను నోరు విప్పితే హాస్టలమ్మాయి ఆ రోజు ఊళ్ళో లేదన్న సంగతి బయటపడుతుంది. చాప మీద మా అమ్మ చీరలో కూర్చున్న ఆమె తల ఎత్తలేదు. మేం చెప్పలేమని ఆమెకు తెలుసు. తెలిసే రాసింది. మమ్మల్ని మా మంచితనానికే కట్టేసి కూర్చోబెట్టింది. "నాకేం చెప్పాలని లేదన్నా" అని కూర్చున్నాను. హాలంతా వింతగా చూసింది.

అన్న ఊరుకోలేదు. "అమ్మా, చీరిచ్చింది మీరే గదా. మీరొక మాట చెప్పాలె" అన్నాడు. అమ్మ లేచింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, అచ్చం స్టేజీ మీద చూసిందే కదా. గడ్డం పైకెత్తింది. "పిల్ల బాగా చేసిందండి. మా మామయ్య ఉంటే ముద్దు పెట్టుకునేవాడు. ఒక్కటే లోపం. తలుపు అంత గబుక్కున తీయరండి. ఎంత చెడ్డ మనిషైనా, లోపల ఒక ఆడపిల్లని పడుకోబెట్టుకుని, గొళ్ళెం మీద చెయ్యేసి కాస్త ఆగుతుంది. అది చూపించలేదు" అని కూర్చుంది. అందరూ దాన్ని నటన గురించి చెప్పిన మాటే అనుకున్నారు. అన్న "వా! పాయింటు" అన్నాడు. హాస్టలమ్మాయి మొదటిసారి తలెత్తింది. ముఖాన రంగు ఉందేమో, ఏమనుకుందో నాకు కనబడలేదు.

నియమం ప్రకారం మర్నాడు పొద్దున క్యాంటీన్‌కు వెళ్ళాను. రాదనుకున్నాను. వచ్చింది. చీర ఇస్త్రీ చేయించి కవర్లో తెచ్చింది. చెవి వెనక ఇంకా రంగు ఉంది. చాయ్ ముట్టుకోలేదు.

"తిట్టు" అంది. "ఎందుకు రాశావు?" అన్నాను. "మా రూమ్మేట్‌ను అడిక్‌మెట్ల దాక్కుంటే పోలీసోళ్ళకు పట్టిచ్చింది ఇంటి ఓనరామె. నీకు తెల్వదు. ఎంతమందిని పట్టిచ్చిండ్రో తెల్వదు నీకు. గా సంగతి రాయొద్దా?" అంది. "రాయి. మా అమ్మ నడకెందుకు? మా అమ్మ మాటెందుకు?" ఆమె గ్లాసు పక్కకు నెట్టింది. "ఇంకెవరింట్లకు పోయిన్నే నేను? నన్ను వంటింటి దాకా రానిచ్చినోళ్ళు ఎవరున్నరు? నాకు లోపల తెలిసింది మీ ఇల్లొక్కటే" అంది. అదేదో పెద్ద జవాబు చెప్పినట్టు ఏడ్చింది కూడా. నాకు జాలి వేసింది, ఒళ్ళూ మండింది. "వంటింటి దాకా రానిచ్చినందుకా?" అన్నాను. "నువ్వు గట్లనే అంటవ్. మీ అమ్మ పట్టియ్యలేదని రాస్తే ఎవరు నమ్ముతరే ఇప్పుడు? ఎవరు ఆడనిస్తరు? అమ్మకు జెప్పు, అది అమ్మ గాదని." "అమ్మ చీరే కట్టుకుని ఆడి, అది అమ్మ కాదని నన్ను చెప్పమంటావా? నువ్వే వచ్చి చెప్పు" అని లేచాను. వస్తానంది. అమ్మ కొన్ని ఆదివారాలు ఆమె కోసం ఒక గుప్పెడు బియ్యం ఎక్కువే పోసింది. రాలేదు.

నాటకం మాత్రం ఊరూరా తిరిగింది. వేదికల మీద, కూడళ్ళలో, దీక్షా శిబిరాల్లో. ఎక్కడ వేసినా జనం విరగబడ్డారు. పెద్దామె వేషం వేరే పిల్లలూ నేర్చుకున్నారు. మా అమ్మను ఎన్నడూ చూడనివాళ్ళు మా అమ్మలా చేతులు తుడుచుకుంటూ, ఊరి తర్వాత ఊళ్ళో ఆడపిల్లల్ని పోలీసులకు అప్పగించారు. మా పక్కింటావిడ ఎక్కడో చూసొచ్చి, "పిన్నిగారూ, ఏమనుకోకండి, ఆవిడ అచ్చం మీలాగే ఉందండీ" అని నవ్వింది. అమ్మ "అలాగా" అని, పని ఉన్నట్టు లోపలికి వెళ్ళింది. నాన్న ఒకసారి విసుక్కున్నాడు, "పోనీ నలుగురికీ నిజం చెప్పి పారెయ్యరాదూ?" అని. "పిల్ల మీద కేసుందండీ" అంది అమ్మ. అంతే. చేతులు కొంగుకు తుడుచుకోవడం మాత్రం మానేసింది. చాలా రోజులకు నేను గమనించాను, గూట్లో ఒక తువ్వాలు పెట్టుకుంది. అది చూసిన రోజు ఆ హాస్టలమ్మాయిని నేను మనసులో తిట్టని తిట్టు లేదు.

రాష్ట్రం వచ్చింది. వీధిలో రంగులు చల్లుకున్నారు, మా గేటు మీదా గులాబీ రంగు పడింది, మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. అమ్మ భయం అలా ఉత్తిదే అయింది. కొన్నాళ్ళకు, ఉద్యమం కేసులు ఎత్తేస్తున్నారని పేపర్లో పడింది. అమ్మ ఆ వార్తను కళ్ళజోడుతో ఒకసారి, కళ్ళజోడు తీసి ఒకసారి చదివింది. నేను ఆఫీసుకు బయల్దేరుతున్నాను.

"ఏవే, మన హాస్టలమ్మాయిది కూడా పోయినట్టేనా?" అంది. అన్నేళ్ళ తర్వాత ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. 'మన' అనే అంది.

"పోయే ఉంటుందమ్మా."

"ఇంక ఆ పిల్లకేం భయం లేదుగా?"

"లేదు."

అమ్మ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "అయితే ఇప్పుడు చెప్పచ్చుగా" అంది.

"ఏవిటి?"

"నేను పట్టివ్వలేదని."

నేను చెప్పులు వేసుకోబోయి ఆగిపోయాను. ఎవరికని చెప్పాలి? అన్న పరిశోధన ఎలాగో ముగించుకుని ఏ ఊరో వెళ్ళిపోయాడు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళు తలో దిక్కూ సర్దుకున్నారు. హాస్టలమ్మాయి ఎక్కడో కాలేజీలో పాఠాలు చెబుతోందని విన్నాను. అమ్మ నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది, ఇప్పుడే లేచి వెళ్ళి అందరికీ చెప్పివస్తానేమో అన్నట్టు. "చెప్పచ్చమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట చెప్పుకోవడానికి ఆమె అన్నేళ్ళు ఆగింది. వినాల్సినవాళ్ళను మాత్రం కాలం ఆపి ఉంచలేదు.